సీల్ ఉంది కదా అని మూడేళ్ళు చూడకుండా పోశాను: చాక్లెట్ సీరియల్‌లో పురుగులు, దాని బదులు ఇప్పుడు మేం తింటున్నవి

కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గరి పెద్ద సూపర్‌మార్కెట్‌లో పోయిన ఆగస్టులో కొన్న చాక్లెట్ సీరియల్ ప్యాకెట్ గురించి ఇది. పిల్లలు పాలల్లో వేసుకుని తినేది, గోధుమ పిండి, చక్కెర, కోకో కలిపి చిన్న చిన్న చిప్పల్లా చేస్తారు చూడండి, ఆ రకం. కంపెనీ పేరూ షాపు పేరూ రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా పూర్తిగా తేలలేదు కాబట్టి. పేరు లేకపోయినా జరిగింది మొత్తం చదివితే మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్‌ని ఎలా చూసుకోవాలో, తేడా వస్తే ఎవరిని అడగాలో, దాని బదులు పొద్దున్నే పిల్లలకి ఏం పెట్టొచ్చో తెలుస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా అమ్మాయి ఐదో క్లాసు. స్కూల్ బస్సు ఏడూ ఇరవైకి వస్తుంది. ఆరున్నరకి లేపితే ఏడింటి దాకా మంచం దిగదు, మిగిలిన ఇరవై నిమిషాల్లో స్నానం, జడ, టిఫిన్ అన్నీ అయిపోవాలి. నేనూ ఎనిమిదింటికల్లా ఆఫీసు క్యాబ్ ఎక్కాలి. అలాంటి పొద్దుటి పూట గిన్నెలో ఇంత సీరియల్ పోసి పాలు కలిపితే రెండు నిమిషాల్లో పిల్ల కడుపు నిండుతోందంటే ఎవరైనా కొంటారు. నేనూ మూడేళ్ళు కొన్నాను, నెలకి రెండు పెద్ద ప్యాకెట్లు. ఆ రోజు ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని పెట్టారు. ఎక్స్‌పైరీ డేట్ చూశాను, ఇంకా నాలుగు నెలలుంది. అంతవరకే చూశాను.

మొదటి ప్యాకెట్ వారం రోజుల్లో అయిపోయింది. రెండోది విప్పిన రోజు మా అత్తయ్య గారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు, ఒక కంటికే శుక్లం ఆపరేషన్ అయింది, రెండోదానికి కాలేదు. నేను ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోస్తుంటే పక్కన కూర్చుని వెల్లుల్లి వలుస్తున్న మనిషి తలెత్తి "అమ్మాయ్, ఏదో ముక్కిన వాసన వస్తోంది, పాత పిండి డబ్బా ఏదైనా తెరిచావా?" అన్నారు. లేదత్తయ్యా, ఇది చాక్లెట్ వాసన అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. ప్యాకెట్ అడిగి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని "పైన చాక్లెట్టే, లోపల ముక్క వాసన. పళ్ళెంలో పొయ్యి ఒకసారి" అన్నారు. బస్సుకి టైమవుతోందని నాకు చిరాకొచ్చింది, ఆ చిరాకుతోనే స్టీలు పళ్ళెంలో గుమ్మరించాను.

మొదట కనిపించింది పొడి. ఇలాంటి ప్యాకెట్ల అడుగున ఎప్పుడూ కాస్త నుసి ఉంటుంది కానీ ఇది అలా లేదు, మైదాలా మెత్తగా ఉంది, మధ్య మధ్యలో తేనె రంగులో పొట్టులాంటివి ఉన్నాయి. అది ఏం పొట్టు అని చూస్తుండగానే ఒక చిప్ప కింద నుంచి ఎర్రటి గోధుమ రంగు పురుగు, బియ్యపు గింజలో సగం ఉంటుందేమో, నెమ్మదిగా నడుచుకుంటూ పళ్ళెం అంచు దాకా వచ్చింది. తర్వాత ఇంకోటి. అన్నీ కదిపి లెక్కపెట్టాను. బతికున్నవి పదకొండు, చచ్చినవి ఆరు, సన్నగా దారప్పోగుల్లా ఉన్న తెల్లటి పిల్ల పురుగులు నాలుగో ఐదో. సీరియల్ రంగూ పురుగు రంగూ దాదాపు ఒకటే, పాలు పోశాక గిన్నెలో ఎవరికీ కనపడేది కాదు. మా అమ్మాయి అప్పటికే చెంచా పట్టుకుని కూర్చుని ఉంది.

ఆ పూట తను తినలేదు, అది అదృష్టం. కానీ ముందు వారం తిన్న ప్యాకెట్ కూడా అదే షాపులో, అదే రోజు, అదే అరలోంచి తెచ్చింది. దాంట్లో ఏముందో నాకు తెలియదు, ఎందుకంటే నేను చూడలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. బియ్యం కడిగేటప్పుడు చూస్తాను, కందిపప్పు చేటలో పోసి ఏరుతాను, బొంబాయి రవ్వ వేయించే ముందు జల్లిస్తాను, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే చేతికి అలవాటైన పనులు. సీల్ వేసి ఉన్న రంగురంగుల ప్యాకెట్‌ని మాత్రం మూడేళ్ళలో ఒక్కసారి కూడా పళ్ళెంలో పోసి చూడలేదు.

పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఒకటీ అరా పురుగు కడుపులోకి పోయినంత మాత్రాన మామూలుగా ఏమీ కాదని, కొంతమందికి మాత్రం అలర్జీ రావచ్చని, దద్దుర్లు, వాంతులు, ఆయాసం లాంటివి కనిపిస్తే తీసుకురమ్మని చెప్పారు. ఏమీ రాలేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగితే భయపడి పిల్లల్ని భయపెట్టకండి, మా అమ్మాయి నా మొహం చూసే ఎక్కువ కంగారు పడింది.

మా పెద్దమ్మ కూతురు రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ చదివింది, తనకి ఫోటోలు పంపిస్తే వెంటనే గుర్తుపట్టింది. దీన్ని ఎర్ర పిండి పురుగు అంటారట, ట్రైబోలియం కాస్టేనియం దాని శాస్త్రీయ నామం. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. బియ్యంలో కనిపించే ముక్కు పురుగు గట్టి గింజని కూడా తొలిచేస్తుంది కానీ ఇది అలా చేయలేదు, దీనికి విరిగిన గింజ కావాలి, లేకపోతే పిండి, రవ్వ, బిస్కెట్, సీరియల్ లాంటివి. అంటే మనం గింజని మర ఆడించి, ఉడికించి, వేయించి దాని పని తేలిక చేసి పెడుతున్నామన్నమాట. ఆడ పురుగు తన జీవితకాలంలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది, మన హైదరాబాద్ వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి నెల, నెలన్నర చాలు. తేనె రంగు పొట్టు పిల్ల పురుగులు ఎదిగే కొద్దీ విడిచే చర్మమట. అత్తయ్య గారికి వచ్చిన వాసన గురించి కూడా చెప్పింది. ఈ పురుగులు క్వినోన్లు అనే ఘాటైన రసాయనాలు వదులుతాయట, పురుగులు ఎక్కువైన పిండికి ఆ ముక్క వాసన వచ్చేది వాటి వల్లే. అరవై ఏళ్ళుగా పిండి డబ్బాలు తెరిచిన ముక్కు కాబట్టి చాక్లెట్ ఫ్లేవర్ కింద ఉన్నదాన్ని కూడా పట్టేసింది.

తనే ఇంకో మాట చెప్పింది, ప్యాకెట్ పారేయకు, సీల్ చూడు అని. చూశాను. అట్ట డబ్బా లోపల ప్లాస్టిక్ కవర్ ఉంటుంది కదా, నేను కత్తిరించింది పైభాగం. అడుగు భాగం సీల్‌ని ఫోన్ టార్చ్ ముందు పెట్టి చూస్తే ఒక మూల సరిగ్గా అతుక్కోలేదు, అగ్గిపుల్ల దూరేంత సందు ఉంది. కొన్ని రకాల పురుగులు ప్లాస్టిక్‌ని కొరుక్కుని లోపలికి పోతాయట, ఈ ఎర్ర పిండి పురుగు మాత్రం ఎక్కువగా ఇలాంటి సందుల్లోంచే దూరుతుందట. కవర్, అట్ట డబ్బా, బిల్లు అన్నీ దాచాను. పురుగులతో ఉన్న కొంత సీరియల్‌ని జిప్ కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టాను. మిగతాది వీడియో తీసి, బ్యాచ్ నంబర్ కనిపించేలా ఫోటో తీసి పారేశాను. ఈ పని వెంటనే చేయడం వల్లే తర్వాత నా మాట నిలబడింది.

సాయంత్రం షాపుకి వెళ్ళాను. మేనేజర్ కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు కానీ "మేడమ్, ఇది కంపెనీ ప్యాకింగ్, మాకు సంబంధం లేదు, విప్పిన ప్యాకెట్ వాపసు తీసుకోం" అన్నాడు. వాదించే ఓపిక లేక, ఆ సీరియల్ ఎక్కడ పెట్టారో ఒకసారి చూపించమన్నాను. చూస్తే దాని అరకి ఆనుకునే లూజు సరుకుల తొట్లు, మూతలు సగం సగం వేసి ఉన్నాయి. ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ, శనగపిండి. బొంబాయి రవ్వ తొట్టి అంచు మీద అవే ఎర్ర పురుగులు రెండు నడుస్తున్నాయి. మేనేజర్‌కి చూపించాను. అప్పుడు అతని మొహం మారింది. అదే బ్యాచ్ ప్యాకెట్లు ఇంకో రెండు నా ముందే విప్పించాడు, ఒకటి శుభ్రంగా ఉంది, రెండోదాంట్లో పొడీ పురుగులూ ఉన్నాయి. ఆ అర మొత్తం ఖాళీ చేయించాడు, నా డబ్బులు ఇచ్చేశాడు. మొదట అలా మాట్లాడినా కళ్ళతో చూశాక తప్పించుకోలేదు కాబట్టి ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కానీ రోజూ ఆ తొట్ల పక్కనే తిరిగే ఇంతమంది సిబ్బందిలో ఒక్కరూ చూడకపోవడం మాత్రం క్షమించేది కాదు.

కంపెనీ కస్టమర్ కేర్ సంగతి. డబ్బా వెనక ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను, ఫోటోలు, వీడియో, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, బిల్లు అన్నీ కలిపి. నాలుగు రోజులకి జవాబు వచ్చింది. మా ఫ్యాక్టరీలో అన్ని ప్రమాణాలూ పాటిస్తాం, పురుగు షాపులో నిల్వ చేసేటప్పుడు వచ్చి ఉంటుంది, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, కొత్త ప్యాకెట్లు రెండు పంపిస్తాం. ఇదీ సారాంశం. షాపువాళ్ళేమో కంపెనీది అంటారు, కంపెనీవాళ్ళేమో షాపుది అంటారు, మధ్యలో చెంచా పట్టుకుని కూర్చున్నది నా కూతురు. నిజానికి ఇద్దరిదీ ఉంది. పురుగు షాపు రవ్వ తొట్టిలోంచే వచ్చి ఉండొచ్చు, కానీ సీల్ మూల సరిగ్గా అతికి ఉంటే అది లోపలికి వెళ్ళేది కాదు. ఇదే మాట తిరిగి రాశాను, సీల్ ఫోటో ఎర్ర గీత గీసి మరీ పంపాను. కొత్త ప్యాకెట్లు వద్దన్నాను. వాటిని ఎవరికి పెట్టను?

ఆ తర్వాత 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నమోదు చేసుకుని నంబర్ ఇచ్చారు, దాన్ని కంపెనీకి పంపిస్తారు. ఆహారం విషయం కాబట్టి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా పెట్టాను, దానికి డబ్బా మీద ఉండే 14 అంకెల లైసెన్స్ నంబర్ కావాలి, అందుకే డబ్బా పారేయొద్దనేది. చాలామంది "పురుగే కదా" అంటారు, నేనూ ఒకప్పుడు అన్నదాన్నే. కానీ 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టంలో పురుగులు పట్టిన ఆహారాన్ని సురక్షితం కాని ఆహారం కింద స్పష్టంగా చేర్చారు. కొన్నవాళ్ళు ఫీజు కట్టి తామే ఆ పదార్థాన్ని పరీక్ష చేయించుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలనుకుంటే, మనం చెల్లించిన వెల ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకి ఫీజు లేదు. మన ఊళ్ళోనే 2024 ఫిబ్రవరిలో అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో కొన్న చాక్లెట్‌లో పురుగు కనిపిస్తే, ఆ కొన్న మనిషి వదిలిపెట్టకుండా అడిగితేనే కదా రాష్ట్ర ఫుడ్ లాబొరేటరీ పరీక్షించి అది తినడానికి పనికిరాదని తేల్చింది. అడిగితే పని జరుగుతుంది. నాకు హెల్ప్‌లైన్‌లో నమోదైన వారానికే కంపెనీ నుంచి ఈసారి మనిషి ఫోన్ చేశాడు, శాంపిల్ తీసుకెళ్ళాడు. ఫ్రీజర్‌లో పెట్టినదాంట్లో సగమే ఇచ్చాను, మీరూ అలాగే చేయండి, మొత్తం ఇచ్చేస్తే మన చేతిలో ఏమీ మిగలదు.

ఇక్కడితో ఆగిపోయేదాన్నేమో. కానీ బ్యాచ్ నంబర్ కోసం డబ్బాని అటూ ఇటూ తిప్పుతూ మూడేళ్ళలో మొదటిసారి వెనక వైపు చిన్న అక్షరాలు చదివాను. వంద గ్రాములకి చక్కెర 32 గ్రాములు. అంటే దాదాపు మూడో వంతు. ఒక సర్వింగ్ 30 గ్రాములని రాశారు. మా అమ్మాయి రోజూ తినే గిన్నెని వంటింటి కాటా మీద పెట్టి తూచాను, 60 గ్రాములు వచ్చింది. అంటే ఒక్క టిఫిన్‌లోనే 19 గ్రాముల చక్కెర, చెంచా నాలుగు గ్రాములనుకుంటే దగ్గర దగ్గర ఐదు చెంచాలు, పైన పాలల్లో నేను వేసే చెంచా వేరే. కలిపిన చక్కెరలు రోజువారీ శక్తిలో పది శాతం దాటకూడదని, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆ ఐదు శాతం పెద్దవాళ్ళకే రోజు మొత్తానికి సుమారు 25 గ్రాములు. మా పదేళ్ళ పిల్ల ఏడూ ఇరవై లోపే దాదాపు అంతా తినేస్తోంది. నా చేత్తో గిన్నెలో పంచదార ఐదు చెంచాలు వేసి తినమని ఇస్తానా? ఎన్నటికీ ఇవ్వను. ప్యాకెట్‌లో ఉంది కాబట్టి ఇచ్చాను.

డబ్బా ముందువైపు గోధుమ వెన్నులు, పాల గ్లాసు, విటమిన్లు, ఐరన్ అని పెద్ద అక్షరాలు. అవి అబద్ధం కాదు, విటమిన్లు కలుపుతారు. కానీ కొనేటప్పుడు చదవాల్సింది వెనకవైపు పదార్థాల వరుస. ఏది ఎక్కువ బరువుందో అది ముందు రావాలని నియమం, రెండో పేరే చక్కెర అయితే ఇక మిగతాది చదవక్కర్లేదు. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ అని వేరే పేర్లు కనిపించినా తీపినో, తొందరగా చక్కెరగా మారేదాన్నో అనుకోవాలి. హెల్తీ అనే మాట చూసి అసలు మోసపోవద్దు, పాలల్లో కలిపే పొడులని హెల్త్ డ్రింక్స్ విభాగం నుంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకి చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే నిర్వచనమే లేదు.

సరే, మానేశాం. కానీ మానేస్తే సరిపోదు కదా, ఏడింటికి పిల్లకి ఏదో ఒకటి పెట్టాలి. రెండు నెలలు ఒక్కోటీ ప్రయత్నించాం, ఏది నిలబడిందో ఏది నిలబడలేదో ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు తెలివి ఉపయోగించాననుకుని ఖరీదైన మిల్లెట్ మ్యూస్లీ కొన్నాను. కిందటిదానికి రెట్టింపు ధర. ఇంటికొచ్చి వెనక చదివితే చిరుధాన్యాలు అన్నీ కలిపి పన్నెండు శాతం, మిగతాది ఓట్స్, బెల్లం, తేనె, ఎండు పండ్లు. బెల్లమైనా తేనైనా శరీరానికి చక్కెరే. రుచి బాగుంది, మా వారు తిన్నారు, మళ్ళీ కొనలేదు.

రాగి జావ మా అత్తయ్య గారి పట్టు. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పట్టికల్లో చూసుకోవచ్చు, అంత కాల్షియం ఉన్న ధాన్యం మన వంటిళ్ళలో ఇంకోటి లేదు. కానీ మా అమ్మాయి పాలు బెల్లం వేసిన జావ రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది, జిగురుగా ఉందట. నాలుగు రోజులు అదే గొడవ. అయిదో రోజు అత్తయ్య గారు రాత్రే కాచి చల్లారిన జావలో పొద్దున్నే పల్చటి మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాస్త జీలకర్ర పొడి వేసి గ్లాసులో ఇచ్చారు. గటగటా తాగేసింది. తీపి అలవాటైన పిల్లకి తీపి జావ పెడితే సీరియల్‌తో పోల్చి చూసుకుంటోంది, ఉప్పుది పెడితే ఆ పోలికే రాలేదు. ఇప్పుడు వారంలో మూడు రోజులు ఇదే, పక్కన ఒక ఉడకబెట్టిన గుడ్డు.

కరకరలాడేది కావాలని మాత్రం రోజూ అడిగేది. దానికి దొరికిన మంచి జవాబు జొన్న పేలాలు. తొలి ఏకాదశికి పేలాల పిండి చేసుకుంటాం కదా, ఆ పేలాలే. అన్ని జొన్నలూ పేలవు, అడిగి పేలాల జొన్నలే తెచ్చుకోవాలి. అత్తయ్య గారు జొన్నల మీద కాసిన్ని నీళ్ళు చిలకరించి, గుడ్డ మీద ఆరబెట్టి, బాగా కాలిన మందపాటి మూకుట్లో గుప్పెడు గుప్పెడుగా వేసి మూత పెడతారు, టపటపా పేలి తెల్లటి పువ్వుల్లా వస్తాయి. ఓపిక లేకపోతే ఎర్రగడ్డ రైతుబజార్ బయట, చిరుధాన్యాల దుకాణాల్లో సిద్ధంగా దొరుకుతాయి, కానీ కవర్ విప్పి చేత్తో తీసి చూసి, వాసన చూసి కొనండి. మా ఇంట్లో ఇప్పుడు కలిపే మిశ్రమం ఇది: పల్చటి అటుకులు రెండు గ్లాసులు సన్న సెగ మీద కరకరలాడేదాకా నూనె లేకుండా వేయించి, జొన్న పేలాలు రెండు గ్లాసులు, వేయించి పొట్టు తీసిన వేరుశెనగపప్పు అర గ్లాసు, పుట్నాలపప్పు పావు గ్లాసు, వేయించిన నువ్వులు రెండు చెంచాలు, సన్నగా తరిగిన ఎండు ఖర్జూరం నాలుగైదు. చాక్లెట్ రుచి కోసం చక్కెర లేని కోకో పొడి ఒక చెంచా కలుపుతాను, మొదటి నెల ఇది లేకపోతే మా అమ్మాయి ముట్టుకునేది కాదు. గిన్నెలో పోసి చల్లటి పాలు, అరటిపండు ముక్కలు. వేడి పాలు పోస్తే అటుకులు వెంటనే మెత్తబడిపోతాయి. ఆదివారం అరగంట కష్టపడితే పది రోజులకి వస్తుంది, సీరియల్‌కి పెట్టిన డబ్బులో సగం కూడా కాదు.

ఓట్స్ మీద నాకు కోపమేమీ లేదు, ఫ్లేవర్ కలపని మామూలు ఓట్స్ అయితే మంచివే, పెరుగు పోపు వేసి తింటే మా వారికి ఇష్టం. మామూలు కార్న్‌ఫ్లేక్స్‌లో చాక్లెట్‌దానంత చక్కెర ఉండదు కానీ పీచు కూడా పెద్దగా ఉండదు, పదిన్నరకే ఆకలేస్తుంది. పెసరట్టు గురించి నేను చెప్పక్కర్లేదు, రాత్రి నానబెట్టడం గుర్తుంటే పొద్దున్న పది నిమిషాల పని. చద్దన్నం మాత్రం ఎండాకాలంలో జాగ్రత్త, పులుపు దాటి వేరే వాసన వస్తే పారేయడమే.

ఇంటివి కాబట్టి పురుగు రాదని మాత్రం అనుకోకండి. అక్టోబర్‌లో మా రాగి పిండి తుట్టెలు కట్టింది. జావకి ముందు జల్లెడ పట్టాను కాబట్టి కనిపించింది, రెండు కిలోల పిండి పారేయాల్సి వచ్చింది, మనసు చాలా బాధపడింది. తప్పు నాదే, తక్కువ ధరకి వస్తోందని ఒకేసారి మర ఆడించాను, వర్షాల్లో పాత డబ్బాలో పోశాను, డబ్బా అడుగున పాత పిండి కాస్త అంటుకుని ఉంది. ఇప్పుడు రాగులు గింజలుగానే తెచ్చి ఎండలో పోసి, పదిహేను రోజులకి సరిపడా మాత్రమే పిండి పట్టిస్తున్నాను. కొత్తది పోసే ముందు డబ్బా కడిగి పూర్తిగా ఆరబెడుతున్నాను. బయట నుంచి తెచ్చిన అటుకులు, రవ్వ, పిండి ఏదైనా ముందు గట్టి కవర్‌లో కట్టి నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి, బయటికి తీశాక చెమ్మ ఆరనిచ్చి డబ్బాలో పోస్తే లోపల గుడ్లున్నా చచ్చిపోతాయి. వేపాకు, ఎండుమిర్చి అత్తయ్య గారి పద్ధతి, అవీ వేస్తున్నాను, కానీ నా నమ్మకం ఎండ, వేయించడం, గట్టి మూత, తక్కువ నిల్వ మీదే. పురుగుకి నెల, నెలన్నర కావాలి, అంతకు ముందే మనం తినేయాలి.

మీ ఇంట్లో ఇప్పుడు ఏ సీరియల్ ప్యాకెట్ ఉన్నా, విప్పినదైనా విప్పనిదైనా, ఈరోజే వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పోయండి. అడుగున మెత్తటి పొడి, తేనె రంగు పొట్టు, ముక్క వాసన ఉన్నాయేమో చూడండి. కవర్ సీల్ నాలుగు మూలలూ వెలుతురుకి పెట్టి చూడండి. షాపులో లూజు పిండి తొట్ల పక్కన పెట్టిన ప్యాకెట్ కొనకండి, ఆఫర్‌లో ఉన్నా సరే.

కంపెనీ శాంపిల్ తీసుకెళ్ళి ఐదు వారాలైంది. పురుగు గురించి రెండు మెయిళ్ళు వచ్చాయి, డబ్బులు ఇస్తామన్నారు. సీల్ మూల ఎందుకు అతకలేదు, ఆ బ్యాచ్ ప్యాకెట్లు ఎన్ని బయటికి వెళ్ళాయి అని నేను అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు. నిన్న మూడోసారి అదే ప్రశ్న పంపాను, మిగిలిన సగం శాంపిల్ ఫ్రీజర్‌లోనే ఉంది.